ఇనుప కానుక

కొల్లేటి ఒడ్డున ఆ ఊరి చర్చికి కొత్త హాలు కడుతున్నారంటే అందరూ సంతోషించారు గాని, అది గ్రీన్ బిల్డింగ్ అనేసరికి సగం మందికి అనుమానం పట్టుకుంది. గోడలకు పచ్చరంగు కొడతారేమోనని పెద్దవాళ్ళు, మిద్దె మీద గడ్డి పెంచుతారేమోనని కుర్రాళ్ళు. ఏలూరు నుంచి వచ్చిన సైటు ఇంజనీరు ప్రసన్న ఓ ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడి, అదేం కాదండీ అని ఓపిగ్గా చెప్పుకొచ్చింది. వరదొస్తే ఊరంతా తలదాచుకునేలా ఎత్తుగా కడుతున్నారు. డబ్బిచ్చే ట్రస్టు వాళ్ళకు గ్రీన్ సర్టిఫికెట్ కావాలి. దానికి మార్కులుంటాయి. కిటికీ ఎటువైపు పెట్టారన్న దగ్గర్నుంచి వాన నీళ్ళు ఎటు పోతాయన్న దాకా అన్నిటికీ మార్కులే.

చివర్లో కరెంటు సంగతి వచ్చింది. ఈ హాల్లో వైర్లు ప్లాస్టిక్ పైపుల్లో కాకుండా స్టీలు పైపుల్లో పోతాయని, ఆ స్టీలులో ముప్పాతిక భాగం పాత ఇనుమేనని చెప్పింది. విరిగిన సైకిళ్ళు, తుప్పు పట్టిన ఇంజన్లు, ఊడిపోయిన గేట్లు, అన్నీ కరిగించి మళ్ళీ పైపులు చేస్తారట. అందుకోసం కొత్తగా కొండలు తవ్వక్కర్లేదు కాబట్టి దానికీ మార్కులు. జనం తలలూపారు. మనవాళ్ళు తలూపితే అర్థమైందని కాదు, భోజనాల వేళయిందని. ఆ పిల్లకు ఆ సంగతి తెలియదు.

ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న హన్నమ్మకు మాత్రం అన్ని మాటల్లోనూ ఒక్కటే వినపడింది. వైరు ఇనుప పైపులో పోతుంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనున్నవాళ్ళకు కనపడకుండా తల గోడ వైపు తిప్పేసుకుంది.

హన్నమ్మ కొడుకు వెస్లీ రొయ్యల చెరువుల మీద కరెంటు పని చేసేవాడు. నీళ్ళు చిలికే ఏరియేటర్లకు మోటార్లు బిగించడం, గట్ల మీద దీపాలు పెట్టడం. కైకలూరు దాకా పేరున్న పనివాడు. చెరువుగట్ల మీద వైర్లు ఎలా పోతాయో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. సరుగుడు కర్రలు పాతి, వాటికి తాళ్ళతో కట్టి, ఎండకూ వానకూ వదిలేస్తారు. పైపులో వేయించండి అని వెస్లీ తను పనిచేసే చెరువు యజమానితో మొత్తుకునేవాడు. వచ్చే పంటకు చూద్దాంలే అనేవాడాయన. ఓ పొద్దుట గుర్రపుడెక్క పట్టి ఆగిపోయిన ఏరియేటర్‌ను విడిపించడానికి వెస్లీ నీళ్ళలో దిగాడు. గట్టు మీద పైతోలు ఊడిన వైరు జారి నీళ్ళలో పడింది. ఆ తరవాత వచ్చే పంట వచ్చింది, పైపులూ వచ్చాయి. ఇంత బుద్ధి ఒక్క పంట ముందు రావడానికి ఆ పెద్దమనిషికి ఏం అడ్డమొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

వాడు పోయాక ఇంట్లో మిగిలింది నిచ్చెన ఒక్కటే. బట్టలు ఇచ్చేశారు. పనిముట్లు తోటి కుర్రాళ్ళు తీసుకున్నారు. నిచ్చెన మాత్రం వెస్లీ తన చేతులతో వెల్డింగ్ చేసుకున్నది. వాళ్ళ నాన్న అప్పారావు పైపులు కదలకుండా పట్టుకుంటే, వీడు కళ్ళద్దాలు పెట్టుకుని అతికించాడు. పసుపురంగు కూడా వాడే వేశాడు. కింది మెట్టు కాస్త వంకర. వంకరపోయింది నీ వల్లేనని కొడుకు, నీ వల్లేనని తండ్రి, ఎప్పుడూ అదే గొడవ. ఇప్పుడా నిచ్చెన పెరటి గోడకు ఆనించి ఉంది. ఆనప పాదు ఎగబాకబోతే అప్పారావు తీగను తుంచేసేవాడు. ఎవరైనా అరువడిగితే లేదనేవాడు. కనపడుతోంది కదా అంటే, కనపడితే ఉన్నట్టేనా అని లోపలికి వెళ్ళిపోయేవాడు.

కొడుకును పూడ్చిన రోజు నుంచి అప్పారావు చర్చి గుమ్మం తొక్కలేదు. ఆదివారం హన్నమ్మ బైబిలు పట్టుకుని బయల్దేరితే, వచ్చి చర్చి అరుగు మీద చెప్పుల దగ్గర కూర్చునేవాడు. పాటలు వినేవాడు గాని నోరు కలిపేవాడు కాదు. పాస్టరు అయ్యగారు పిలిస్తే, నాకిక్కడ గాలి బాగుందండీ అనేవాడు. భర్త దేవుడితో మాట్లాడ్డం మానేశాడని హన్నమ్మకు తెలుసు. తనతోనూ సగం మానేశాడని ఇంకా బాగా తెలుసు.

ఇలా ఉండగా స్త్రీల సమాజం ప్రెసిడెంటు చంద్రకళ టీచరుకు ఒక ఆలోచన వచ్చింది. పాత ఇనుముతో పైపులు చేస్తున్నారు గనక, మన హాలు పైపులకు మన ఇనుమే ఇద్దాం అని. అందులో ఎవరికీ వింత కనపడలేదు. ఆ ఊళ్ళో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతి ఇంట్లోనూ ముందు ఒక పిడికెడు బియ్యం చర్చి కుండలో పడతాయి. ఎవరి చెట్టు కొట్టి చేసిన బెంచీ మీద వాళ్ళ పేరుంటుంది. గోడల ఇటుకలు ఏ అమ్మమ్మ నెత్తిన మోసిందో మనవరాళ్ళకు తెలుసు. గుడికిచ్చింది గుడిలోనే ఉంటుంది, వెతికితే కనపడుతుంది, అంతే వాళ్ళ లెక్క. ఇచ్చిన ఇనుము లారీ ఎక్కి వెళ్ళి ఇంకెక్కడో ఇంకేదో అవుతుందన్న అనుమానం ఎందుకొస్తుంది?

అయ్యగారేమో కోతల పండగకు తెచ్చిన కోళ్ళనూ గుమ్మడికాయల్నీ వేలం వేసినట్టు దీన్నీ అమ్మి హాలుకు వాడతారనుకున్నారు. ప్రసన్న చందా కాబోలనుకుంది. ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరికి వాళ్ళు తమకు తెలిసింది పక్కవాళ్ళకూ తెలుసనుకుని ఊరుకున్నారు.

హన్నమ్మ కొన్నాళ్ళు ఎవరికీ చెప్పకుండా మథనపడింది. వైరు మీద ఒక పైపు లేక కొడుకు పోయాడు. ఆ కొడుకు నిచ్చెనే పైపుగా మారి వైరును కప్పితే? రేపు వరదొచ్చి ఊరి పిల్లలందరూ తడి కాళ్ళతో ఆ హాల్లో చేరినప్పుడు వాళ్ళ మీదకు ఏదీ రాకుండా వాడే కాస్తాడు. ఈ ఆలోచన వచ్చాక ఆమెకు మళ్ళీ నిద్ర పట్టడం మొదలైంది. కాని అప్పారావుతో చెప్పాలి. ఓ సాయంత్రం అతను పెరట్లో వల సరిచేసుకుంటుంటే పక్కన కూర్చుని చెప్పింది.

అతను వల మీంచి చూపు తిప్పలేదు. "అదొక్కటే ఉంది కదే," అన్నాడు.

"ఎక్కడికీ పోదండీ," అంది హన్నమ్మ. "ఇక్కడ గోడకున్నది అక్కడ గోడకుంటుంది. తుప్పు పట్టదు. మనం పోయాక కూడా ఉంటుంది. ఆదివారం ఆదివారం పక్కనే కూర్చుందాం. నేను చూపిస్తాగా మీకు."

ఆ చివరి మాట అనాల్సిన అవసరం లేదు. అప్పటికే అతను మెత్తబడ్డాడు. కాని మనిషి ఒప్పుకుంటున్నప్పుడు ఇంకో మాట ఎక్కువ వేయడం మనకు అలవాటు. అప్పారావు అంతా విని, సరే అన్నాడు. నువ్వు చూపిస్తానన్నావు గనక ఇస్తున్నాను అని కూడా అన్నాడు.

ఇనుప కానుకల ఆదివారం ఊరు ఊరంతా ఏదో ఒకటి పట్టుకొచ్చింది. పాత నాగటి కర్రులు, కుట్టు మిషన్ల చక్రాలు, చిల్లుపడ్డ బాణళ్ళు. ఒకావిడ మామగారి పారతో వచ్చి, ముద్దు పెట్టుకుని మరీ కుప్పలో వేసింది. అప్పారావు నిచ్చెనను ఎవరినీ పట్టనివ్వలేదు. ముందురోజు చెరువు నీళ్ళతో తోమి కడిగాడు. భుజాన వేసుకుని, ఊరి మధ్యలోంచి నడిచి, తనే చర్చి ముందాగిన లారీ మీదికి అందించాడు. పైనున్నవాడు అందుకుని ఒక్క విసురున కుప్ప మీద పడేశాడు. ఖణేలుమని మోగింది.

"మెల్లిగా బాబూ," అన్నాడు అప్పారావు. "దెబ్బ తగులుద్ది."

లారీ కదిలిందాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పూట అరుగు మీద కాదు, గుమ్మం లోపల, వెనక వరసలో కూర్చున్నాడు. హన్నమ్మ పాట మధ్యలో వెనక్కి తిరిగి చూసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పాట అందుకుంది. ఆవిడ జీవితంలో ఆ మధ్యకాలంలో అంత ఆనందపడ్డ రోజు లేదు.

గోడలు లేచాయి, స్లాబు పడింది. అప్పారావు పని నుంచి వచ్చేటప్పుడు రోజూ అటుగా వచ్చేవాడు. పైపులు వచ్చాయా అని అడిగేవాడు. ఇంకా లేదంటే, కరిగించాలి కదా, టైం పడుతుందిలే అని తనకు తనే చెప్పుకునేవాడు. చివరికి ఓ మధ్యాహ్నం వ్యానులో పైపులు దిగాయని తెలిసి హన్నమ్మ పొయ్యి మీద అన్నం దించేసి పరుగున వెళ్ళింది.

పైపులు వరండాలో వరసగా పేర్చి ఉన్నాయి. సన్నగా, నున్నగా, వెండి చెంబుల్లా మెరుస్తున్నాయి. హన్నమ్మ వంగి ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తడుముతుంటే ప్రసన్న చూసి, ఏం కావాలి పిన్నిగారూ అని అడిగింది. మా నిచ్చెనతో చేసింది ఏదమ్మా అంది హన్నమ్మ. ప్రసన్నకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పిల్ల మొహంలో రంగు పోయింది.

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా చెప్పింది. ఈ పైపులు కంపెనీ గోడౌన్‌లో ఎప్పట్నుంచో ఉన్నవి. వీటిలోని ఇనుము మీ లారీ కదలక ముందే ఎక్కడో కరిగింది. ఏ ఊరి సైకిళ్ళో, ఏ ఓడల రేకులో ఎవరికీ తెలియదు. పాత ఇనుము ముప్పాతిక అంటే ఏదో ఒక పాత ఇనుమని గాని, ఫలానావాళ్ళదని కాదు.

"మీ నిచ్చెన వీటిలో లేదు పిన్నిగారూ," అంది. "నేను ఆ రోజే సరిగ్గా చెప్పాల్సింది."

హన్నమ్మ ఆ పిల్లను ఏమీ అనలేదు. మరి మాదెక్కడుందమ్మా అని మాత్రం అడిగింది. ప్రసన్న అక్కడికీ ఇక్కడికీ ఫోన్లు చేసి, సరుకు కొన్నది తాడేపల్లిగూడెంలో సత్తిబాబనే ఆయన తుక్కు యార్డు అని కనుక్కుంది. నా కార్లో తీసుకెళ్తానంది. హన్నమ్మ వద్దంది. ఒకరి ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేదు.

మర్నాడు అప్పారావుతో ఏలూరులో చుట్టాలింటికని చెప్పి బస్సెక్కింది. ఏలూరులో బస్సు మారి, గుండుగొలను మీదుగా హైవే మీద పోతుంటే దారంతా ఒకటే లెక్క వేసుకుంది. నిచ్చెన పొడుగైంది, లోడులో సర్దడం కష్టం, పక్కన పెట్టి ఉంటారు. మంచి నిచ్చెన, ఎవడైనా వాడుకోవడానికి ఉంచుకుని ఉంటాడు. కాళ్ళు పట్టుకునైనా తెచ్చేసుకోవాలి. బస్సు మీద వేయనివ్వరేమో, ఆటో మాట్లాడుకోవాలి. ఆటోలో ఎలా పెట్టాలో కూడా ఆలోచించేసుకుంది. ఆశ అంత పనిమంతురాలు.

సత్తిబాబు మంచివాడే. కుర్చీ వేయించాడు. ఆమె చెప్పిందంతా విని, వచ్చి చూసుకోండమ్మా అని యార్డు లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ ఇనుము కుప్పలుగా లేదు. మిషన్ పెట్టి నొక్కి కట్టలు కట్టి ఉంది. మోటారు సైకిలు, మంచం కోడు, డబ్బారేకు, అన్నీ కలిసి ఇటుకల్లా అయిపోయాయి. ఆ కట్టల మధ్య హన్నమ్మ తిరిగింది. పసుపురంగు గీత కనపడితే ఆగింది, వంకర మెట్టులాంటిది కనపడితే గోళ్ళతో లాగి చూసింది. ఏదీ కాదు. సత్తిబాబు వెనకాలే నడిచి, ఇక చూడలేక చెప్పేశాడు.

"మీ ఊరి సరుకు కొలిమికి వెళ్ళిపోయి చాలా రోజులైందండీ. అక్కడన్నీ కలిసి కరిగిపోతాయి. కడ్డీలవుద్దో, రేకులవుద్దో, ఎవరి ఇంటికి పోద్దో, చేసినవాడు కూడా చెప్పలేడమ్మా."

కొలిమికి పంపేముందు నిచ్చెనను గ్యాస్‌తో ముక్కలు కోశారా అని అడుగుదామనుకుని, అడగలేకపోయింది. తెలుసుకుని ఏం చేస్తుంది?

తిరుగు బస్సులో ఆమెకు ఏడుపు రాలేదు. భయం వేసింది. నిచ్చెన పోయినందుకు కాదు, అప్పారావు మొహం తలచుకుని. తన మాట నమ్మి ఇచ్చాడు. కడిగి, మోసుకొచ్చి, చేతికందించాడు. దేవుడి గుమ్మంలోకి మళ్ళీ అడుగు పెట్టాడు. ఇప్పుడు అంతా ఒట్టిదేనండీ, మీ కొడుకు ఆఖరి గుర్తును తుక్కులో పోసొచ్చాను అని ఏ నోటితో చెప్పాలి? చెప్పాలనే నిశ్చయించుకుంది. ఏలూరు దగ్గర ఒకలా, కైకలూరు దగ్గర ఇంకోలా మాటలు కూర్చుకుంది.

ఇంటికొచ్చేసరికి అప్పారావు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెస్లీ పోయాక అతన్ని అలా చూడలేదామె. పైపులొచ్చాయంట కదా అన్నాడు. నువ్వు లేకుండా చూడకూడదని వెళ్ళలేదన్నాడు. ఆ తరవాత చిన్నపిల్లాడిలా ఆమె మొహంలోకి చూసి అడిగాడు.

"మనది ఏదో తెలిసిందా?"

హన్నమ్మ ఆ గీసుకున్న గడ్డం వంక, ఆ ఉతికిన చొక్కా వంక చూసింది.

"తెలిసిందండీ," అంది.

ఒక్కసారి అన్నాక ఇక వెనక్కి రావడానికి దారి లేదు. ప్రసన్న దగ్గరికి వెళ్ళి, ఎవరితోనూ అనకమ్మా అని బతిమాలింది. ఆ పిల్ల తలొంచుకుని, సరేనంది. హాలు లోపల అయ్యగారు నిలబడే చోటుకు కుడివైపు, కిటికీ పక్కన, పై నుంచి స్విచ్‌బోర్డు దాకా నిలువుగా దిగే పైపు ఒకటుంది. గోడ మీద బయటికే కనపడుతుంది, చెయ్యి వేస్తే అందుతుంది. పైపులు గోడలకు బిగించాక హన్నమ్మ అప్పారావుకు ఆ పైపును చూపించింది. ఇదే అంది. అప్పారావు కింది నుంచి పై దాకా చూశాడు. వంకర తీరిందే అన్నాడు. అని నవ్వాడు.

ఆ వార్త ఊళ్ళో పాకడానికి ఎంతసేపు? హన్నమ్మకు తెలిసిందంటే మాకూ తెలియాలి కదా అని ఆడవాళ్ళంతా వచ్చారు. మామగారి పార ఇచ్చినావిడ తన పార ఏ పైపయిందో కనుక్కోమంది. హన్నమ్మ ఒకరికి ఫ్యాను మీది పైపు, ఒకరికి గుమ్మం పక్కది చూపించింది. చూపించినకొద్దీ ఆమెకు లోపల ఏదో తరిగిపోతూ వచ్చింది. పోనీలే, ఎవరిదైతేనేం, వైరు పైపులోనే ఉంది, పిల్లలకు భయం లేదు, నేను కోరుకున్నది అదే కదా అని మనసుకు నచ్చచెప్పుకునేది. అది నిజమే. కాని ఆమె తల్లి. అంత నిజంతో తల్లికి కడుపు నిండదు.

హాలు ప్రతిష్ఠ రోజున ఏలూరు నుంచి పెద్దలొచ్చారు. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి గోడకు తగిలించారు. పాత ఇనుము గురించి ఒక పెద్దాయన చక్కగా మాట్లాడాడు. ఏదీ వృథా పోదన్నాడు. హన్నమ్మ నేల వైపు చూస్తూ కూర్చుంది. చంద్రకళ టీచరు పాట ఎత్తుకుంది. అప్పారావు మగవాళ్ళ వైపు ముందు వరసలో, పైపు పక్కనే చోటు చూసుకుని కూర్చున్నాడు. నోరు తెరిచి పాడాడు. గొంతు వాడుక లేక బొంగురుపోయింది, శ్రుతి ఎక్కడో పోయింది, అయినా పాడాడు.

అందరూ భోజనాలకు బయటికి నడిచాక అతను కదల్లేదు. హన్నమ్మను చెయ్యూపి పిలిచాడు. ఆమె వచ్చింది. అతను అరచెయ్యి పైపు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు. వెస్లీతో మాట్లాడుతున్నాడో, దేవుడితో మాట్లాడుతున్నాడో, ఇద్దరూ ఇప్పుడతనికి ఒక్కచోటే ఉన్నారు. కళ్ళు తెరిచి, నువ్వూ చెయ్యి పెట్టు అన్నాడు. ఆమె వెనకాడితే, మణికట్టు పట్టుకుని తనే పెట్టించాడు.

చల్లగా ఉంది పైపు. ఎవరిదో ఇనుము. ఎవరి గేటో, ఎవరి సైకిలో, దాన్ని పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నారో. వెస్లీ అందులో లేడు. వాడు అతనికి దొరికాడు, తనకు మాత్రం రెండోసారి పోయాడు. ఈసారి చెప్పుకుని ఏడవడానికి కూడా ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ దుఃఖమైనా ఇద్దరిదీ ఒకటిగా ఉండేది. ఆ సంగతి చెయ్యి ఆ ఇనుము మీద ఉండగా తెలిసొచ్చింది హన్నమ్మకు. ఆపుకుందామన్నా ఆగలేదు, గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పారావు కంగారుపడలేదు. భార్య వీపు నిమిరాడు. కొడుకు పోయినప్పుడు కూడా అతనలా దగ్గరికి తీసుకోలేదు.

"ఏడవకే పిచ్చిదానా," అన్నాడు. "ఇక్కడే ఉన్నాడుగా. నువ్వే కదా చూపించావు."